పాఠ్యపుస్తకములతోఁ బ్రపంచచరిత్ర

(వార్షిక మహాసభ రెండవనాఁ డొసంగిన యుపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్నుఁ గోరిరి. విద్యార్థివేతనములను గుఱించియు, వసతిగృహమునకు వలయు మరమ్మతులను గుఱించియు నేను మాటలాడుదునని వారి యూహ యై యుండును. ఆ విషయములను నాకంటె లెస్సగఁ జెప్పఁగలవారు, చెప్పుటయే కాక ధనము నీయఁగలవారును ఈ వేదికమీఁదనే యున్నారు. నేను ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న పండితుఁడను. ఉద్యోగము చాలించిన పిమ్మట నాకొఱకు నేను చదువుకొనుచున్న చదు వొకటి కలదు. అది ప్రపంచచరిత్రము. అదియును బెద్దగ్రంథములవలనఁ గాక, బాలురకై వ్రాసిన పాఠ్యపుస్తకములవలన. దానిని గుఱించియే మీకు మనవి చేసికొందును.

పాఠ్యపుస్తక మనఁగానే మనకుఁ జిన్నచూపు. పరీక్ష ముగిసిన మఱునాఁడే యది చిత్తుకాగితముల దుకాణము చేరును. కాని యొక్క మాట విచారింపుఁడు. లఘుకౌముదిని దాఁటి నేరుగా సిద్ధాంతకౌముదిలోఁ గాలిడినవాని పాటు వ్యాకరణము చదివినవారి కెల్లరకుఁ దెలియును. వరదరాజు బాలురకై సంగ్రహించినంతమాత్రమున లఘుకౌముది తక్కువ గ్రంథము కాలేదు. అది దారి చూపును. పాఠ్యపుస్తకమును నట్టిదే. మహాపండితుఁడు తన గ్రంథమున మన నొక గదిలోనికిఁ గొనిపోయి యందలి ప్రతి స్తంభమును జూపును. పాఠ్యపుస్తకకర్త కంత తీఱిక లేదు. ఇన్ని పుటలలో నింత ప్రపంచమును జెప్పి తీరవలయును గనుక ఇల్లంతటికిని గల పటమును మన చేతికిచ్చి, ఏ గది యేవైపున నున్నదో చెప్పి విడిచిపెట్టును. అఱువదేండ్లు దాఁటి చదువ మొదలిడినవానికి మొదట వలసినది ఆ పటమే.

ఇతిహాసశబ్దమునకు ‘ఇట్లు గదా యుండెను’ అని మన పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి. మనకుఁ జరిత్ర లేదని పాశ్చాత్యు లొకప్పుడు వ్రాసిరి గాని, 1148వ ప్రాంతమున రాజతరంగిణిని వ్రాయఁబూనిన కల్హణుఁడు పూర్వగ్రంథములను, శాసనములను, దానపత్రములను బరిశీలించి, రాగద్వేషములు లేనివాఁడే కథకుఁ డనిపించుకొనఁ దగునని న్యాయాధిపతియొక్క ధర్మమును గవిపై నుంచెను. ఈ కొలఁదిని మనస్సునం దుంచుకొని యే దేశపు పుస్తకమునైనను విప్పవచ్చును.

ఏ పుస్తకములతో నారంభింపవలయునని యువకులు నన్నడుగుదురు. ఇంటిలోనున్న తొమ్మిదవ తరగతి పుస్తకముతోనే యని నా సమాధానము. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు 2006లో వెలువరించిన తొమ్మిదవ తరగతి చరిత్రపుస్తకము ఫ్రాన్సుదేశపు విప్లవముతో మొదలై, రష్యావిప్లవమునకును, పిదప హిట్లరుకాలమునకును బోవును. మా మనుమరాలి సంచిలోనుండి తీసి మూఁడు దినములలో దానిని జదివితిని. ఆ మండలివారి పదునొకండవ తరగతి పుస్తకము ప్రపంచచరిత్రమునకే యంకితము. అందుండి పారిశ్రామికవిప్లవప్రకరణమును, మధ్య ఇస్లామియ దేశముల ప్రకరణమును 2023లోఁ దొలఁగించిరి. కావున పాఁత కూర్పు దొరకిన విడువకుఁడు. క్రొత్త కూర్పును బ్రక్కన నుంచుకొని, ఏది పోయినదో చూచుటయు నొక పాఠమే. తెలుఁగున నున్నతవిద్యకుఁ బుస్తకములు కావలెనని 1968లో నేర్పడిన తెలుఁగు అకాడమివారి ప్రచురణములును నా కెంతయో యుపకరించినవి.

వీని తరువాత మువ్వురిని జదువుఁడు. హెచ్. జి. వెల్సు చరిత్రపండితుఁడు కాఁడు. విజ్ఞానశాస్త్రము చదివి కథలు వ్రాసినవాఁడు. మొదటి మహాసంగ్రామము ముగియఁగానే, మనుష్యుల కందఱకుఁ జెందిన చరిత్ర యొకటి లేక శాంతి కుదురదని నిశ్చయించి 1919, 1920లలోఁ దన ప్రపంచచరిత్రమును బ్రకటించెను. జవాహరులాల్ నెహ్రూ చెఱసాలలో, చెంత గ్రంథాలయము లేక, తాను వ్రాసికొన్న టిప్పణములే యాధారముగా, 1930 అక్టోబరునుండి 1933 ఆగష్టువఱకుఁ గుమార్తెకు నూటతొంబదియాఱు లేఖలు వ్రాసెను. అవియే 1934లో గ్రంథ మయ్యెను. ఇఁక మూఁడవవాఁడు గోంబ్రిఖ్. ఇరువదియాఱేండ్ల ప్రాయమున వియన్నానగరమున నాఱువారములలో బాలురకై ప్రపంచచరిత్రను వ్రాసెను. అది యుద్ధవిముఖమని నాజీ ప్రభుత్వము నిషేధించెను. ఆతఁడు వృద్ధుఁడైన పిమ్మట క్రొత్త కూర్పునకుఁ గడపటి ప్రకరణ మొకటి చేర్చి, తొలికూర్పులోని తన యభిప్రాయమును దానే సరిదిద్దుకొనెను. ఆ ప్రకరణముకొఱకైనను ఆ పుస్తకము చదువఁదగినది.

చదువుట యెట్లు? ఇచ్చటనే మన పూర్వుల శాస్త్రము నాకుఁ దోడ్పడినది. గ్రంథముయొక్క తాత్పర్యమును నిర్ణయించుటకు మీమాంసకు లాఱు లింగములను జెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. వేదవాక్యములకై యేర్పడిన యీ సాధనములను బదవ తరగతి పుస్తకమునకుఁ బ్రయోగించినఁ బూర్వమీమాంసకులు కోపింతురో యేమో! కాని ప్రయోగించి చూడుఁడు. ఒక పుస్తకము గ్రీసుదేశముతో నుపక్రమించి ఐరోపారాజ్యముల విజయముతో నుపసంహరించును. ఈ రెండు కొనలను బట్టినంతనే తాత్పర్యము తెలిసిపోవును. నడుమ చీనాకుఁ బది పుటలు, మనకుఁ బదునైదు పుటలు దయచేసినను ఫలము లేదు. అభ్యాస మనఁగా మాటిమాటికి వచ్చు మాట. ‘కనుఁగొనెను, కనుఁగొనెను’ అని కొలంబసును గుఱించియు, తక్కిన నావికులను గుఱించియు నెన్నిమాఱులు వచ్చునో లెక్కింపుఁడు. అచ్చటఁ బూర్వమే కాపురమున్న జనులు తమ దేశమును దాము కనుఁగొనలేదా? అర్థవాదము స్తుతి. ఆవిరిచే నెగురుచున్న మూఁతను జూచి జేమ్సు వాటను బాలుఁడు యంత్రమును భావించెనను కథ యట్టిది. వినుట కింపుగా నుండును; ప్రమాణమునకు నిలువదు. మన దేశపు పుస్తకములలో స్తుతి లేదని భ్రమపడకుఁడు. స్వర్ణయుగము లెన్ని చెప్పఁబడినవో, ఆ యుగములలో నేఁతగాఁడును, పాలికాపును నేమి తినిరో చెప్పని పుస్తకము లెన్నియో మీరే చూడుఁడు. ఇఁక ఉపపత్తి, అనఁగా యుక్తి, ఆధారము. పాఠ్యపుస్తకములం దెల్లయెడల నిదియే కొఱఁత. ‘ఎట్లు తెలిసినది?’ యను ప్రశ్నను పుటపుటకు వేసికొనుచుఁ జదువవలయును.

ఇది కేవలము పండితుల యాట కాదు. జపానుదేశమున ఇయెనాగ సబురో యను చరిత్రోపాధ్యాయుఁడు తాను వ్రాసిన పాఠ్యపుస్తకములో, యుద్ధకాలమున స్వదేశసైన్యము చేసిన దుష్కార్యములను దాఁచుటకుఁ బ్రభుత్వ పరిశీలకులు పట్టుపట్టఁగా, 1965లో న్యాయస్థానమున కెక్కెను. ఒకదానివెంట నొకటిగా మూఁడు వ్యాజ్యములు. 1997లోఁ గాని కడపటి తీర్పు రాలేదు. ముప్పదిరెండేండ్లు! కోరిన దంతయు నాతనికి దక్కకపోయినను, కొన్ని తొలఁగింపులు చట్టవిరుద్ధములని యున్నతన్యాయస్థానము తేల్చెను. మఱియొకవైపున, మూఁడుమాఱులు మహాయుద్ధములు చేసికొన్న ఫ్రెంచివారును జర్మనులును గలిసి యొకే చరిత్రపుస్తకమును వ్రాయించి, 2006లో రెండుభాషలలోఁ దమ పిల్లల చేతులలోఁ బెట్టిరి. బడిపుస్తకములోని పుట యంత బరువైనది.

ఇప్పుడు నా కాలమునందు మిక్కిలి భాగమును హరించుచున్న పనిని జెప్పెదను. నాలుగు గళ్ళు గీసిన పుస్తక మొకటి కలదు. మొదటిగడిలో నేఁడు, రెండవగడిలోఁ బరదేశము, మూఁడవగడిలో భారతదేశము, నాలవగడిలో నాంధ్రదేశము. శాలివాహనశకమునకు 78 కలుపుకొని, హిజరీవత్సరము మన సంవత్సరముకంటెఁ బదునొక దినములు తక్కువని జ్ఞాపక ముంచుకొని, దొరకిన ప్రతి విషయమును దాని గడిలో వ్రాయుదును. (పంచాంగములం దాసక్తి గలవారికి విందగు సంగతి యొకటి: 1752లో నింగ్లీషువారు పాఁత పంచాంగమును విడిచినప్పుడు సెప్టెంబరు రెండవ తేది మఱునాఁడు పదునాలుగవ తేది యయ్యెను. అధికమాసముతోడి మన యిక్కట్లు మనకే కలవని యనుకొనరాదు.)

1509 అను గడిని జూడుఁడు. ఆ యేఁట విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు సింహాసన మెక్కెను. ఇంగ్లండున నెనిమిదవ హెన్రీ పట్టాభిషిక్తుఁ డయ్యెను. మఱుసటి యేఁడు పోర్చుగీసువారు గోవాను గైకొనిరి. 1517లో జర్మనీయందు లూథరు మతాధికారముపైఁ దిరుగఁబడెను. 1520లో రాయలు రాయచూరుకడఁ బోరి గెలిచినప్పుడు పోర్చుగీసు తుపాకివాండ్రాతని పక్షమున నుండిరి. అదే సమయమున స్పెయినువారు మెక్సికోరాజ్యమును గూలఁద్రోయుచుండిరి. ముప్పదినాలుగేండ్లు భువనవిజయమును గుఱించి పాఠము చెప్పిన నోటితో, అష్టదిగ్గజములు పద్యములు చదువునప్పుడు సముద్రముమీఁద నేమి జరుగుచున్నదో చెప్పినవారము గాము. ఆ నావలలో వచ్చినది తుపాకి మాత్రమే కాదు. అమెరికాఖండమునుండి మిరపకాయయు వచ్చినది. శ్రీనాథుని కాలమున తెలుఁగువారి వంటయింటఁ గారమునకు మిరియమే గాని మిరప లేదు. నేఁడు గుంటూరుమిరప లేని యాంధ్రభోజన మెవ్వ రూహింపఁగలరు? పొగాకును, వేరుసెనగయు, మొక్కజొన్నయు, బొప్పాయియు నట్లు వచ్చినవే. ‘మాది సనాతనమైన కూర’ యని తగవులాడువారికి ఈ గడి చూపుచుందును.

1757 చూడుఁడు. జనవరి 24వ తేది బొబ్బిలికోట మంటలపాలయ్యెను. ఆ కథను బాటగా విని కన్నీరు పెట్టని తెలుఁగువాఁడు లేఁడు. జూన్ 23న ప్లాసీయుద్ధము. 1758 డిసెంబరులోఁ జందుర్తియొద్ద ఫ్రెంచివారోడిరి. 1759 ఏప్రిలులో ఫోర్డు మచిలీపట్టణపుఁ గోటను బట్టుకొనెను. అదే యేఁటి సెప్టెంబరులో, భూగోళమున కావలిప్రక్కనున్న కెనడాదేశమునఁ గ్విబెకునగర మింగ్లీషువారి వశమాయెను. పాఠ్యపుస్తకములలో 1756 మొదలు 1763 వఱకు జరిగిన ‘సప్తవర్షసంగ్రామ’ మని కనఁబడున దిదియే. బొబ్బిలికథలోని బుస్సీ సేనయు, క్విబెకును గోలుపోయిన సేనయు నొకే రాజు బంట్లు. మన గ్రామకలహముగాఁ జెప్పికొన్నదాని వెనుక నెంత పెద్ద తెర యున్నదో నాలుగుగళ్ళును గలిపి చూచినప్పుడు గాని తెలియదు.

సంతోషము గొలుపు గళ్ళును గలవు. కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి గుట్టమీఁది బండలపై నశోకుని శాసనములు చెక్కఁబడియున్నవి. ఆతని పదుమూఁడవ శాసనమున నంతియోకుఁడు, తురమాయుఁడు మొదలుగా నైదుగురు యవనరాజుల పేళ్ళును, ఆంధ్రుల పేరును గలవు. ఆ తురమాయుఁడు అలెగ్జాండ్రియా గ్రంథాలయమును బెంపొందించిన రెండవ టాలమీ. 1244లోఁ గాకతి గణపతిదేవుఁడు మోటుపల్లిలో సముద్రవర్తకుల కభయశాసనము వేయించి, గాలివానకుఁ గొట్టుకొని వచ్చిన యోడల సొత్తును హరింపమని మాట యిచ్చెను. అర్ధశతాబ్దమైనను గడవకమున్నే వెనీసునుండి మార్కో పోలో వచ్చి యచ్చటి సన్ననివస్త్రములను మెచ్చుకొనెను. ప్రపంచచరిత్ర పరుల చరిత్రయని తలఁచువారు మోటుపల్లికిఁ బోయి రావలెను.

ఇంతవఱకు మీకుఁ బ్రియమైన విషయములను జెప్పితిని. ఇఁకఁ గొంచెము కటువైనది చెప్పుట కనుజ్ఞ నిండు.

కరిబియను సముద్రమున సెయింటు డొమింగో యను వలసరాజ్యము ఫ్రెంచివారి యధీనమున నుండెను. పంచదారతోట లక్కడి సంపద. ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు తోటలలోఁ బని చేసిరి. ఆ వలసరాజ్యమును గుఱించి మొరో ద సెయింటు మెరీ యను దొర యొక గ్రంథము వ్రాసెను. అందు మనుష్యుని రక్తమును నూటయిరువదియెనిమిది పాళ్ళుగా విభజించి, ఎన్ని పాళ్ళు తెలుపో, ఎన్ని పాళ్ళు నలుపో లెక్కించి, ఆ లెక్కనుబట్టి మనుష్యులను దరగతులుగాఁ దీర్చి యొక్కొకదాని కొక్కొక పేరు పెట్టెను. అందఱును సమానులని 1789లో వెర్సాయినగరమునఁ బ్రకటించిన దేశమువాఁడే యాతఁడు! 1791లో నా బానిసలు తిరుగఁబడిరి. టూసెయింటు లూవర్చ్యూరు వారికి నాయకుఁడై, 1803లో ఫ్రాన్సుదేశపుఁ గారాగృహమున మరణించెను. 1804 జనవరి 1వ తేది హైతి స్వతంత్రరాజ్యమాయెను. పిదప 1825లో, తోటలును బానిసలును బోయినందులకు నష్టపరిహారముగాఁ బదునైదుకోట్ల ఫ్రాంకు లిమ్మని ఫ్రాన్సు ఆ పేదరాజ్యమునే నిర్బంధించెను. పెక్కు పాఠ్యపుస్తకములలో నీ కథకు రెండువాక్యములైన దక్కవు.

ఆ నూటయిరువదియెనిమిది పాళ్ళ లెక్క చదివిననాఁడు నేను బుస్తకము మూసి చాలసేపు గూర్చుంటిని. ఆ లెక్క నాకుఁ గ్రొత్తగాఁ దోఁపలేదు. మన సంచికలలోనే, మన శాఖ ఫలానిశాఖకంటె నెన్ని మెట్లు పైదో నిర్ణయించు వ్యాసములను దప్పులు దిద్దిన చేయి యిది. 1901 జనాభాలెక్కలలో రిజిలీ యనుదొర కులములను సామాజికమర్యాదనుబట్టి వరుసగాఁ బేర్చఁ బూనెను. తమ వరుసను బైకి మార్పుఁడని దేశమందలి పలుకులములవారు విన్నపము లంపిరి; విన్నపములకు బలముగా వంశవృక్షములను, పురాణప్రమాణములను వెదకిరి. సూర్యునిదాఁక నెక్కినవారు కొందఱు, చంద్రునితో సరిపెట్టుకొన్నవారు కొందఱు. సంస్కృతశ్లోకముల కా దినములలో మంచి గిరాకి! కులసంఘముల తొలికార్యములలోఁ బెక్కు వీనితోడనే ముడివడి యున్నవి. మన పెద్దలను నిందించుటకు నే నీ మాట యనుట లేదు. ఆ సంఘములే బీదపిల్లలకు వసతిగృహములను గట్టినవి. అట్టి యన్నము తినియే నేను జదువుకొంటిని. కాని దొర వేసిన నిచ్చెన యిది యని తెలిసియుఁ, దొర పోయిన యింతకాలమునకును మెట్లు లెక్కించుచుఁ గూర్చుండుట యెందులకు?

ఈ సభముందు రేపు రానున్న తీర్మానములలో వంశచరిత్ర పునర్ముద్రణమున కొకటి కలదు. దాని నేను వ్యతిరేకింపను. అందుకై ప్రత్యేకించిన ద్రవ్యమున సగము వసతిగృహమునఁ జరిత్రపుస్తకముల బీరువాకై మరల్పవలసినదని సవరణ నొకదానిని వ్రాసి కార్యదర్శిగారి కిచ్చితిని. బీరువాతోడ గోడకొక పెద్దపటము. తెలుఁగుపుస్తకములు, ఇంగ్లీషుపుస్తకములు, వేఱువేఱు దేశములవి, పాఁతకూర్పులతోఁ గూడ. వంశచరిత్రయు నా బీరువాలోనే యుండవచ్చును. నాలవగడిలో దానికిఁ జోటున్నది, తక్కిన మూఁడు గళ్ళును బ్రక్కన నున్నచో.

ఈ యభిప్రాయము క్రొత్తది కాదు. 1906లోఁ గొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుపంతులుగారు మిత్రులతోఁ గూడి విజ్ఞానచంద్రికామండలిని స్థాపించినప్పుడు, తెలుఁగువారికి మొదట నందిచ్చినది రాజవంశావళి కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన యబ్రహాము లింకను చరిత్రము. బానిసత్వమును బోఁగొట్టిన పరదేశీయుని జీవితమది.

స్త్రీలకు బ్రత్యేకముగ నొక మాట. పదవ తరగతితోఁ జదువు నిలిచిపోయిన సోదరీమణులు మన యిండ్లలో ననేకు లున్నారు. వారికిఁ బరీక్షలు లేవు, మార్కులు లేవు. ఈ చదువునకు వారికంటె నర్హులు లేరు. పిల్లల పుస్తకములు వారి చేతికందునంత దగ్గఱనే యున్నవి. అమెరికాయందును, గల్ఫుదేశములందును నున్న కొడుకులతోఁ గోడండ్రతో మాటలాడునప్పుడు, ఆ దేశమున కా రూప మెట్లు వచ్చినదో కొంత తెలిసియుండిన మాటలకుఁ గొదవ యుండదు.

నా యింటనున్న పుస్తకము లఱువదిమూఁడు. వాని పట్టికను నాలుగుగళ్ళ పుస్తకముతోఁ గూడ ద్వారముకడ బల్లమీఁద నుంచితిని. చూచువారు చూడవచ్చును, ఖాళీగళ్ళను బూరింపఁగలవారు పూరింపవచ్చును. సవరణ నెగ్గినను నెగ్గకున్నను, వచ్చు ఆదివారము మొదలుకొని సాయంకాల మైదుగంటలకు వసతిగృహపు భోజనశాలలో నే నుందును. మొదటివారము ఫ్రాన్సు విప్లవము. పటము నేనే తెత్తును.